పియానో షీట్ చేతికొచ్చాక ఏం చేయాలి? ఒక మిన్యుయెట్‌తో మొదలుపెట్టి చూడండి

చిన్నప్పుడు నాలుగేళ్లు వీణ నేర్చుకుని, పదో తరగతి పరీక్షల పేరుతో మానేసి, ముప్పై దాటాక ఒక కీబోర్డు కొనుక్కున్నవాణ్ని నేను. సరళీ స్వరాలు నోటికొచ్చు కదా, పియానో ఎంతసేపు అనుకున్నాను. ఫుట్‌పాత్ మీద దొరికిన ఒక జిరాక్స్ పుస్తకం తెచ్చుకున్నాను. మొదటి పేజీలో 'మిన్యుయెట్, బాహ్' అని ఉంది. మిన్యుయెట్ అంటే మూడు మాత్రల పాత డాన్సు సంగీతం, బాహ్ జర్మన్ స్వరకర్త. మూడు నెలలు దానితోనే కుస్తీ పట్టాను. ఆ తర్వాత తెలిసింది, అది బాహ్ రాసిందే కాదట. అసలు స్కేల్ కూడా అది కాదు, తేలిగ్గా ఉంటుందని మార్చేశారు. పైగా సగం రచన కోసేశారు. నా మూడు నెలలూ పోయాయని అనను కానీ, షీట్ (స్వరాలు అచ్చేసిన కాగితం) ఎలా ఎంచుకోవాలో, ఎలా చదవాలో ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇది రాస్తున్నాను. ఉదాహరణకి అదే మిన్యుయెట్ తీసుకుందాం. 32 బార్లు (నిలువు గీతల మధ్య గడులు), ఒక్క షార్ప్ (స్వరాన్ని కొంచెం పైకి జరిపే # గుర్తు). పెద్దవాళ్లు మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి పేజీ నాకు కనిపించలేదు.

ముందు సరైన షీట్ సంపాదించండి

వెతికేటప్పుడు పేరుతో వెతకొద్దు, నంబర్‌తో వెతకండి. 'మిన్యుయెట్ ఇన్ జి' అని కొడితే వందలొస్తాయి. మనకి కావలసింది బీడబ్ల్యూవీ అన్‌హాంగ్ 114. బీడబ్ల్యూవీ అంటే బాహ్ రచనల జాబితా, వోల్ఫ్‌గాంగ్ ష్మీడర్ అనే ఆయన 1950లో వేసింది. అన్‌హాంగ్ అంటే జర్మన్‌లో అనుబంధం. అందులో ఈ రచన ఉన్నది సందేహం ఉన్నవాటి మధ్య, అంటే ఇది బాహ్‌దేనా అన్న అనుమానం జాబితా వేసిన రోజు నుంచే ఉందన్నమాట. నా జిరాక్స్ పుస్తకంలో ఈ నంబర్ లేదు. ఉంటే కథ అక్కడే తెలిసిపోయేది.

ఇలాంటి నంబర్లు మిగతా స్వరకర్తలకీ ఉన్నాయి. మోజార్ట్‌కి 'కె', అంటే 1862లో కోషెల్ వేసిన జాబితా. షూబర్ట్‌కి 'డి', హేడన్‌కి 'హోబ్'. బేథోవెన్, షోపాన్‌లకి మామూలుగా 'ఓపస్' (అంటే రచన) నంబర్ చాలు. మనిషికి ఆధార్ నంబర్ ఎలాగో రచనకి ఇది అలాగ. పేరు ఎవరైనా పెట్టొచ్చు, ఎలాగైనా మార్చొచ్చు. 'మూన్‌లైట్ సొనాటా' అన్న పేరు బేథోవెన్ పెట్టింది కాదు. ఆయన లెక్కలో అది ఓపస్ 27 నంబర్ 2, అంతే.

దొరికేది ఎక్కడంటే, ఐఎంఎస్ఎల్‌పీ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో. 2006 నుంచి నడుస్తోంది. కాపీరైట్ తీరిపోయిన షీట్లు స్కాన్ చేసి పెడతారు, డౌన్‌లోడ్‌కి డబ్బులక్కర్లేదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. స్వరకర్త పోయి 300 ఏళ్లయినా, నిన్నగాక మొన్న ఎవరో సరిదిద్ది అచ్చేసిన ప్రతికి దాని కాపీరైట్ దానికుంటుంది. మన దేశంలో రచయిత పోయాక ఇంకో 60 ఏళ్లు హక్కు నడుస్తుంది. ఐఎంఎస్ఎల్‌పీలో ఎక్కువగా పాత అచ్చులే కనిపించడానికి కారణం ఇదే.

కొనుక్కోగలిగితే 'ఊర్‌టెక్స్ట్' అని రాసి ఉన్న ప్రతి కొనండి. స్వరకర్త చేతిరాత, తొలి అచ్చు పక్కపక్కన పెట్టుకుని, సొంత కవిత్వం కలపకుండా వేసిన ప్రతి అని దానర్థం. హెన్లే వాళ్ల నీలం అట్ట పుస్తకాలు, బేరెన్‌రైటర్ పుస్తకాలు ఇలాంటివే. ధర ఎక్కువే. ఒక్క మిన్యుయెట్ కోసమైతే అవసరం లేదు.

షీట్ దొరికాక ఒక నిమిషం తనిఖీ చేయండి. మొదట్లో ఒక్క షార్ప్ గుర్తు ఉండాలి, ఎఫ్ గీత మీద (పాశ్చాత్య స్వరాల పేర్లు ఎ నుంచి జి దాకా అక్షరాలు). తాళం 3/4. మొత్తం 32 బార్లు, పదహారేసి చొప్పున రెండు భాగాలు, ఒక్కో భాగం చివర రెండు చుక్కల రిపీట్ గుర్తు. ఇవి లేకపోతే మీ చేతిలో ఉన్నది ఎవరో తేలిక చేసిన అరేంజ్‌మెంట్. అది వాయించడం తప్పేం కాదు, కానీ అసలుది అదేనని మాత్రం అనుకోవద్దు.

పేజీలో ఎవరు ఏది రాశారో తేల్చుకోండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. చాలామంది దీన్ని దాటేసి సూటిగా పియానో మెట్ల (కీల) మీద చేతులు పెట్టేస్తారు.

ముందు ఈ రచన పుట్టుక. బాహ్ రెండో భార్య ఆనా మాగ్దలేనా మంచి గాయని. 1721లో పెళ్లయింది. 1725లో ఆమె కోసం ఒక నోట్‌బుక్ మొదలైంది. మొదట్లో బాహ్ తన చేత్తో రెండు పెద్ద రచనలు రాశాడు. ఆ తర్వాత ఎక్కువగా ఆమె రాసుకుంటూ పోయింది. నచ్చిన పాటలు, చిన్న డాన్సులు, కొడుకు రాసినవి, బయటివాళ్లవి, అన్నీ. మన అమ్మమ్మల పాటల నోట్‌బుక్ గుర్తుందా? మంగళహారతి పక్కన సినిమా పాట, దాని పక్కన ఎవరో పేరంటంలో పాడింది, ఏదీ ఎవరు రాశారో ఉండదు. సరిగ్గా అలాంటిదే. ఈ మిన్యుయెట్ దగ్గర కూడా పేరు లేదు. బాహ్ ఇంట్లో దొరికింది కాబట్టి బాహ్‌దే అనుకున్నారు. జాబితాలో అనుమానం ఉన్నా, 1970ల దాకా మామూలుగా అదే నడిచింది. ఆ తర్వాత తేలిందేమిటంటే, దీన్ని రాసింది క్రిస్టియన్ పెట్సోల్డ్ అని, డ్రెస్డెన్‌లో ఆర్గన్ వాయించే ఆయన, 1677లో పుట్టి 1733లో పోయాడు. ఇప్పటికీ సగం పుస్తకాల మీద బాహ్ పేరే ఉంటుంది. మీ షీట్ మీద పెట్సోల్డ్ పేరుంటే, వేసినవాళ్లు కొంచెం శ్రద్ధ పెట్టారని ధైర్యంగా అనుకోవచ్చు.

ఇప్పుడొక పెన్సిల్ తీసుకోండి. పెన్ను వద్దు. పేజీ మీద ఈ మూడూ ఉన్నాయేమో చూడండి.

మెట్రోనోమ్ (టక్ టక్ అంటూ వేగం చూపించే యంత్రం) అంకె. అంటే నోట్ బొమ్మ, సమానం, 120 లాంటి అంకె. మెట్రోనోమ్‌కి మేల్జెల్ పేటెంట్ తీసుకున్నది 1815లో. మన నోట్‌బుక్ 1725ది. కాబట్టి ఆ అంకె పెట్సోల్డ్‌ది అయ్యే అవకాశమే లేదు, తర్వాత అచ్చుకి సిద్ధం చేసిన ఎడిటర్‌దే. దాన్ని సలహాగా తీసుకోండి.

మెల్లగా, గట్టిగా అని చెప్పే గుర్తులు, అంటే 'పి', 'ఎఫ్', వాటి మధ్య విచ్చుకునే, ముడుచుకునే పొడుగు గీతలు. పియానోని క్రిస్టోఫోరి అనే ఆయన 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో తయారుచేశాడు కానీ, ఈ రచన నాటి ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి హార్ప్సికార్డు, క్లావికార్డు. హార్ప్సికార్డులో మెట్టు నొక్కితే లోపల తీగని ఒక చిన్న ముల్లు మీటుతుంది. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా చప్పుడు దాదాపు ఒకటే. అలాంటి వాద్యానికి క్రమంగా పెరిగే గీతలెందుకు రాస్తారు? అవీ ఎడిటర్‌వే.

ఇక వేళ్ల అంకెలు. నోట్ల మీద 1 నుంచి 5 దాకా ఉండే చిన్న అంకెలు దాదాపు ఎప్పుడూ తర్వాతివాళ్లు వేసినవే.

ఎడిటర్లంటే చెడ్డవాళ్లేం కాదు. బేథోవెన్ శిష్యుడు చెర్నీ 1837లో బాహ్ ప్రెల్యూడ్లు, ఫ్యూగులు అనే రచనలు అచ్చువేస్తూ, మా గురువు ఇలా వాయించేవాడని గుర్తు తెచ్చుకుని మరీ వేగాలు, గుర్తులు చేర్చాడు. అందులో ఎంత బాహ్ ఉన్నాడో చెప్పడం కష్టం కానీ, బేథోవెన్ వాసన మాత్రం ఉంది. నేను చేసేదేమిటంటే, ఎడిటర్ గుర్తుల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుడతాను. మొదటి వారం సున్నాల్లో ఉన్నవి పట్టించుకోను. నోట్లు వచ్చాక ఒక్కొక్కటీ ప్రయత్నించి, నచ్చినవి ఉంచుకుంటాను.

వాయించకుండా పది నిమిషాలు చూడండి

అయిదు గీతల్లో పోగొట్టుకోకుండా ఉండాలంటే ప్రతి నోటూ లెక్కపెట్టుకోవడం కాదు, రెండు కొక్కేలు పట్టుకోండి చాలు. పై వరసలో (కుడి చేతిది) మొదట్లో ఉండే ట్రెబుల్ క్లెఫ్ గుర్తు పొట్ట చుట్టుకున్న గీత (కింది నుంచి రెండోది) జి. ఆ గుర్తు పుట్టిందే జి అక్షరం నుంచి. కింది వరసలో బేస్ క్లెఫ్ రెండు చుక్కల మధ్య గీత ఎఫ్. దానికి పై సందు మళ్లీ జి. మన రచన జి మేజర్. అంటే మన స్వరాల లెక్కలో జి ఎక్కడుంటే అక్కడ 'స'. కుడి చేతి షడ్జమం క్లెఫ్ పొట్టలో ఉంది, ఎడమ చేతి షడ్జమం పై చుక్క ఉన్న సందులో ఉంది. నాకు ఈ సంగతి వెలిగిన రోజు సగం భయం పోయింది.

కర్ణాటక సంగీతం కొద్దిగా వచ్చినవాళ్లకి ఇక్కడ పెద్ద లాభం. జి మేజర్ అంటే జి శ్రుతిలో శంకరాభరణం. చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, కాకలి నిషాదం. ఆ ఒక్క షార్ప్ ఎందుకంటే, ఎఫ్‌ని పైకి జరిపి కాకలి నిషాదం చేయడానికి. కుడి చేతి మొదటి ఎనిమిది బార్లు ఇలా పాడుకోండి:

ప సరి గమ | ప స స | ద మప దని | స స స |
మ పమ గరి | గ మగ రిస | ని సరి గస | రి

నాలుగో బార్‌లో మొదటి స తారస్థాయి, తర్వాతి రెండూ మధ్యస్థాయి. ఏడో బార్‌లో ని మంద్రం. విడిగా ఉన్నది ఒక మాత్ర, జంటగా ఉన్నవి కలిసి ఒక మాత్ర. చివరి రి మూడు మాత్రలూ నిలవాలి. తాళం కోసం 'తకిట' అనుకోండి, మొదటి అక్షరం మీద కొంచెం ఒత్తు. ఇది డాన్సు, అడుగు అక్కడే పడుతుంది.

ఒక జాగ్రత్త. గమకం వద్దు. వీణ అలవాటు వల్ల నేను గాంధారాన్ని మనసులోనే ఊపేసేవాణ్ని. అక్కడ ఆ స్వరం నిటారుగా, తీగ మీద పిచ్చుకలా ఊరికే కూర్చుని ఉంటుంది.

ఇప్పుడు తొమ్మిదో బార్ నుంచి కన్ను పరిగెత్తించండి. కుడి చేతిలో 9 నుంచి 14 దాకా అచ్చంగా మొదటి ఆరు బార్లే. తేడా చివరి రెండింట్లోనే: 'రి గరి సని | స'. మొదటిసారి రి మీద ఆగి ప్రశ్న అడిగినట్టుంటుంది, రెండోసారి స మీదకొచ్చి జవాబు చెప్పినట్టుంటుంది. అంటే 16 బార్లలో కుడి చేతికి కొత్తగా నేర్చుకోవలసినవి పదే. ఎడమ చేతిలో మాత్రం తేడాలున్నాయి, అదే అనుకుని మోసపోవద్దు.

ఎడమ చేతితో మొదలుపెట్టండి

అందరూ కుడి చేతితో మొదలుపెడతారు, ట్యూన్ అక్కడుంది కాబట్టి. నేను మాత్రం ఎడమ చేయి ముందంటాను. మొదటి ఆరు బార్లలో అది చేసేది చూడండి. మొదటి బార్‌లో స రెండు మాత్రలు, రి ఒక మాత్ర. ఆ తర్వాత బార్‌కి ఒక్క స్వరం: గ, మ, గ, రి, స. అంతే! ఎక్కి దిగడం. చాలా ప్రతుల్లో మొదటి స మీద గ, ప కలిపి కార్డుగా (ఒకేసారి నొక్కే స్వరాల గుత్తిగా) ఉంటుంది. కష్టమైతే మొదటి రోజు స ఒక్కటే నొక్కండి. ఏడో బార్‌లో 'ప గ స' అని దిగుతుంది. ఎనిమిదో బార్‌లో కుడి చేయి ఆగి ఉంటే, తిరిగి మొదటికి తీసుకెళ్లేది ఎడమ చేయే. అక్కడ కొంచెం పని ఉంది, దాన్ని విడిగా పదిసార్లు వాయించండి.

ఆ మూడు మాత్రల స్వరాలని పూర్తిగా పట్టి ఉంచడమే అసలు కష్టం. కుడి చేయి కదలగానే ఎడమ చేయి తెలియకుండా లేచిపోతుంది. ఎడమ చేత్తో వాయిస్తూ కుడి చేతి స్వరాలు నోటితో పాడండి. పాడగలిగితే, వాయించగలిగే రోజు దగ్గర్లోనే ఉంది.

వేళ్లు

బొటనవేలు 1, చిటికెన వేలు 5, రెండు చేతులకీ అంతే. కుడి చేతి మొదటి బార్‌కి 5 1 2 3 4, రెండో బార్‌కి 5 1 1. చేయి అసలు కదలదు, అయిదు వేళ్ల కింద అయిదు మెట్లు. మూడో బార్‌లో ద కోసం చేయి జరగాలి. మీ చేతి సైజుకి ఏది సుఖంగా ఉంటే అది పెన్సిల్‌తో రాసుకోండి, రాసుకున్నాక మార్చొద్దు. రోజుకో వేలితో వాయిస్తే వేలికి గుర్తుండదు.

ఐఎంఎస్ఎల్‌పీలో పాత ఇంగ్లిష్ అచ్చులు దొరికితే ఒక మెలిక ఉంది. కొన్నింట్లో బొటనవేలికి అంకె బదులు కూడిక గుర్తో, ఇంటూ గుర్తో ఉంటుంది, చూపుడు వేలి నుంచి 1, 2, 3, 4. అది తెలియక వాయిస్తే వేళ్లు ముడిపడిపోతాయి. పేజీలో ఎక్కడైనా 5 కనిపిస్తోందా అని వెతకండి. కనిపిస్తే మన పద్ధతే.

రెండు చేతులు కలపడం

మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టండి. ఫోన్‌లో యాప్ చాలు. ఒక బార్ వాయించి, తర్వాతి బార్ మొదటి నోటు మీద ఆగండి. ఎప్పుడూ బార్ చివర ఆగొద్దు. అక్కడ ఆగితే గీత దగ్గర బ్రేక్ వేయడం అలవాటవుతుంది, తర్వాత ఆ అతుకు పోదు. మూడుసార్లు తప్పు లేకుండా వస్తే రెండో బార్ కలపండి. రోజుకి రెండు బార్లు చాలు. నాలుగు బార్లకి ఒక వారం పట్టినా టెన్షన్ పడొద్దు. వేగం నాలుగేసి అంకెలు పెంచుకుంటూ వెళ్లండి. 100 దాటితే డాన్సులా వినిపించడం మొదలవుతుంది.

తప్పు వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టడం మనందరి జబ్బు. దానివల్ల మొదటి నాలుగు బార్లు బ్రహ్మాండంగా, చివరి నాలుగు ఘోరంగా వస్తాయి. తప్పు వచ్చిన బార్‌కి ముందు బార్ నుంచి మొదలుపెట్టండి. ఇంకా మంచిది, ఒక రోజు చివరి నాలుగు బార్లతోనే కూర్చోండి.

రెండో భాగం

17వ బార్ నుంచి కొత్త ట్యూన్. కొంచెం పోగానే సి పక్కన షార్ప్ గుర్తు ప్రత్యక్షమవుతుంది. మన లెక్కలో శుద్ధ మధ్యమం పోయి ప్రతి మధ్యమం వచ్చింది, శంకరాభరణంలోకి కల్యాణి తొంగిచూసింది. పాశ్చాత్య సంగీతం వాళ్లు మాత్రం అలా అనుకోరు. కాసేపు డి షడ్జమం అయిందని, ఇల్లు మారి మళ్లీ వస్తామని అంటారు. మీకు ఎలా వినిపిస్తే అలా అనుకోండి, నొక్కవలసిన మెట్టు మాత్రం ఒకటే, నల్లది. నియమం ఒకటుంది: బార్ మధ్యలో వచ్చిన షార్ప్ ఆ బార్ చివరి దాకానే పనిచేస్తుంది. గీత దాటితే సి మళ్లీ మామూలు సి. మొదట్లో ఉన్న ఎఫ్ షార్ప్ మాత్రం రచన మొత్తానికి. నేను ఈ రెండింటినీ తారుమారు చేసి ఒక వారం పాటు వింత రాగం వాయించాను. పక్కింటి ఆంటీ 'ఏంటి బాబూ, ఏదైనా చచ్చిపోయిన సినిమా పాటా?' అని అడిగింది.

ఆ తర్వాత ఏ షీట్

చాలామంది ఇక్కడ 'ఫ్యూర్ ఎలీజ్' మీద పడతారు. మొదటి పేజీ తేలికే, మధ్యలో రెండు చోట్ల చేయి పట్టేస్తుంది. దాని కథ కూడా మన మిన్యుయెట్ లాంటిదే. బేథోవెన్ పోయింది 1827లో, అది అచ్చయింది 1867లో, అచ్చుకి ఆధారమైన చేతిరాత ప్రతి ఇప్పుడు లేదు. మోజార్ట్ కె 545 సొనాటాని ఆయనే 'కొత్తవాళ్లకి' అన్నాడు. ఆ కొత్తవాళ్లు ఎవరో గానీ, నాకైతే రెండేళ్లు పట్టింది.

నా మాట వింటే షూమన్ ఓపస్ 68 తీయండి. 1848లో తన కూతుళ్ల కోసం రాసిన చిన్న రచనలు, తేలికవి ముందుంటాయి. ఇందులో వేగం, గట్టి మెల్లన గుర్తులు స్వరకర్తే రాశాడు కాబట్టి సున్నాలు చుట్టొద్దు, చెప్పినట్టు వినండి. అది వచ్చాక షోపాన్ ఓపస్ 28లో ఏడో ప్రెల్యూడ్. మొత్తం 16 బార్లే, ఒకే పేజీ. కానీ ఒక చోట కుడి చేతికి పెద్ద కార్డు వస్తుంది, చిన్న చేతులకి అందదు. కింది నోటుని ముందు తాకి, పెడల్‌తో పట్టి, మిగతావి తర్వాత నొక్కండి.

వీటన్నిటికంటే ముందు, అదే నోట్‌బుక్‌లో మన మిన్యుయెట్‌కి జంట ఉంది. అన్‌హాంగ్ 115, జి మైనర్, అదీ పెట్సోల్డ్‌దే. షడ్జమం అదే జి, గాంధారం మాత్రం సాధారణ గాంధారం అవుతుంది, దాంతో ముఖమే మారిపోతుంది. రెండూ వచ్చాక ఇలా వాయించండి: మొదటిది రిపీట్లతో, రెండోది రిపీట్లతో, మళ్లీ మొదటిది రిపీట్లు లేకుండా ఒక్కసారి. ఆ రోజుల్లో జంట మిన్యుయెట్లు వాయించే పద్ధతి అది. మైనర్ చివరి నోటు పూర్తిగా ఆగాక, ఒక 'తకిట' ఊరుకుని, అప్పుడు కుడి చేతి చిటికెన వేలు మళ్లీ ప మీద పెట్టండి.